సెకండ్‌హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కొంటున్నారా? టెస్ట్ డ్రైవ్‌లో ఆ లైటు చూడండి

బెంగళూరులో పాత ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే) బండి కొనే ఆలోచనలో ఉన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. యార్డు పేరు రాయడం లేదు, కంప్లయింట్ నడుస్తోంది.

రెండు నెలల కిందట ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల యార్డులో ఎనిమిదేళ్ల డీజిల్ బండి చూశాను. యార్డు కుర్రాడే స్టార్ట్ చేసి గేటు దాకా తెచ్చి ఇచ్చాడు. ఏ సౌండూ లేదు, పికప్ బాగుంది. యూ టర్న్ దగ్గర మాత్రం స్టీరింగ్ బిగుసుకుపోయి, బండిని వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు కుదుపులతో తిరిగింది. అడిగితే "ఫోర్ బై ఫోర్ అంటే అంతే సార్, బరువు బండి కదా" అన్నాడు. నేనూ బుద్ధిగా తలూపాను. డ్యాష్‌బోర్డులో ఓ చిన్న లైటు వెలుగుతోంది. ఏదో ఉంటుందిలే అనుకున్నాను. అసలు కథంతా ఆ లైటులోనే ఉంది.

డెలివరీ రోజు ట్రాఫిక్‌లో స్పీడు ఇరవై దాటలేదు కాబట్టి ఏమీ తెలియలేదు. మూడో రోజు హొసకోటె వైపు వెళ్తుంటే మొదలైంది. నలభై దాటి, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించినప్పుడల్లా ముందు ఎడమ వైపు నుంచి గరగరా, తిరగలిలో రాళ్లు పడ్డట్టు. గట్టిగా తొక్కితే కాస్త మారేది. బ్రేక్ వేసినా, మలుపు తిప్పినా తేడా లేదు.

ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే పది నిమిషాల్లో తేల్చేశారు: ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) పోయింది, విప్పాలి. చెయిను, బేరింగులు మార్చామని 46,000 రూపాయలు తీసుకున్నారు. బండి గేటు దాటిందో లేదో మళ్లీ అదే గరగర. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో వాళ్లకి బిల్లు చూపించే ధైర్యం కూడా లేదు.

చివరికి మా కొలీగ్ ఒకాయన చింతామణి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్ద మెకానిక్ దగ్గరికి పంపాడు. ఆయన స్పానర్ పట్టుకోలేదు. ముందు నన్ను మట్టిరోడ్డు ఎక్కించి టూ హైలో, అంటే వెనక చక్రాలు మాత్రమే లాగేలా, నడపమన్నాడు. గరగర. నాబ్ ఫోర్ హైకి, అంటే నాలుగు చక్రాలూ లాగేలా, తిప్పమన్నాడు. చప్పుడు మాయం! "ట్రాన్స్‌ఫర్ కేస్ కాదు బాబూ, హబ్బు" అన్నాడు.

నా బండిలో ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే, విడదీసే భాగాలు) వ్యాక్యూమ్‌తో, అంటే గాలి పీల్పుతో పనిచేస్తాయి. టూ హైలో ఆ పీల్పు హబ్బు పళ్లను యాక్సిల్ నుంచి విడదీసి ఉంచాలి. ఎడమ వైపు గొట్టం చిట్లి గాలి పీలుస్తోంది. దాంతో పళ్లు పూర్తిగా విడిపోక, పూర్తిగా కలవక, అంచులు ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. ఫోర్ హైలో గట్టిగా కలిసిపోతాయి కాబట్టి నిశ్శబ్దం. చేతి పంపుతో గాలి పీల్చి చూపించాడు, మీటర్ ముల్లు నిలవకుండా జారిపోయింది. గొట్టం 350 రూపాయలు. అరిగిన హబ్బుకి వేరే ఖర్చు.

అప్పుడు వెలిగింది నాకు. డ్యాష్‌బోర్డులో ఆ రోజు వెలిగిన లైటు ఫోర్ హైది. చప్పుడు వినపడకుండా టెస్ట్ డ్రైవ్ మొత్తం ఫోర్ హైలోనే చేయించారు. ఇలాంటి పార్ట్ టైమ్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలూ లాగే) ఫోర్ బై ఫోర్‌లో, ముందు, వెనక చక్రాలను వేరు వేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరు వేరు దూరం తిరగాలి. తడిలేని తారు మీద జారే వీలుండదు, ఆ బిగువంతా షాఫ్టుల మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకున్నది అందుకే. నాబ్ దానంతటదే తిరగదు కదా.

కాబట్టి డ్రైవ్ మొదలుపెట్టే ముందే బండిని టూ హైలో పెట్టించండి, లైటు ఆరిందో లేదో చూడండి. రేడియో, ఏసీ ఆపేసి, ఖాళీ రోడ్డు మీద తేలికపాటి యాక్సిలరేటర్‌తో వెళ్లండి. తర్వాత మట్టిలో ఫోర్ హై. నాలుగు టైర్లూ ఒకే సైజా, అరుగుదల ఒకేలా ఉందా అన్నది కూడా చూడండి. అన్ని గరగరలూ హబ్బువే కావు. బ్రేక్ డిస్కు వెనక రేకులో చిన్న రాయి ఇరుక్కున్నా ఇలాగే అరుస్తుంది. వీల్ బేరింగ్ అయితే స్పీడుతోపాటు హోరు పెరుగుతుంది. ఏదైనా సరే, చక్రం లేపి చూడకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పనివ్వకండి.

యార్డు వాళ్లు "ఉన్నది ఉన్నట్టు తీసుకున్నారు" అని నా సంతకం చూపిస్తున్నారు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వర్క్‌షాపు వాళ్లని మార్చిన పాత చెయిన్ చూపించమంటే ఇప్పటికీ రేపు రమ్మంటున్నారు.