ఏటిగట్టు నడకకూ అడవి నడకకూ ఆర్గానిక్ మ్యాప్స్ ఎంతవరకు పనికివస్తుంది

కొండలెక్కే ఉద్దేశం లేకుండా, చెట్ల నీడన, ఏటి వెంబడి రెండు మూడు గంటలు నింపాదిగా నడిచి రావాలనుకునేవారు పటంలో వెతికేవి వేరు. శిఖరం ఎత్తు ఎంత అన్నది వారికి అక్కరలేదు. వాగు మీద వంతెన ఉందా లేక నీళ్లలో దిగి దాటాలా, వాన పడితే బాట బురదవుతుందా, మధ్యలో అలసిపోతే దగ్గరి రోడ్డుకు చేర్చే అడ్డదారి ఎక్కడుంది అన్నవే వారి ప్రశ్నలు. ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఫోన్ యాప్‌ను ఈ ప్రశ్నల దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను. నదీతీరపు నడకకు ఇది చాలా మంచి తోడు. అడవి నడకకు మాత్రం దీన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ మన కళ్లనే నమ్మాలో తెలుసుకుని వాడాలన్నది నా అభిప్రాయం.

2021లో మొదలైన ఈ యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ఇందులో ప్రకటనలు లేవు, వాడేవారి కదలికల మీద నిఘా లేదు, నిర్వహణకు విరాళాలే ప్రధాన ఆధారం. కావలసిన ప్రాంతపు పటాన్ని ఇంట్లోనే దించుకుని బయలుదేరితే, సిగ్నల్ అందని లోయలో కూడా అది తెరుచుకుంటుంది. ఫోన్‌లోని జీపీఎస్ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటుందే తప్ప తాను ఏదీ పంపదు కాబట్టి, మొబైల్ నెట్‌వర్క్ లేకపోయినా మనం ఉన్న చోటును చూపగలదు. నెట్‌వర్క్ సాయం లేనప్పుడు మొదటిసారి చోటు పట్టడానికి కొంత ఎక్కువ సేపు పడుతుంది. అందువల్ల చెట్ల కిందికి వెళ్లకముందే, ఆకాశం బాగా కనిపించే చోట యాప్ తెరిచి, మనం ఉన్న చోటును చూపే చుక్క కుదురుకున్నాకే నడక మొదలుపెట్టడం మేలు.

ఈ పటానికి మూలం 2004లో బ్రిటన్‌లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. స్వచ్ఛందంగా పనిచేసేవారు గీసి, దిద్దుతూ వస్తున్న ప్రపంచ పటం అది. వాహనాల కోసం తయారైన పటాలు పట్టించుకోని కాలిబాటలు, కంచె దాటే మెట్లు, చిన్న గేట్లు, కూర్చునే బల్లలు ఇందులో కనిపించడానికి కారణం, వాటిని గీసినవారిలో చాలామంది తామే ఆ దారుల్లో నడిచేవారు కావడం. అయితే ఆర్గానిక్ మ్యాప్స్ తెర మీద కనిపించే సన్నని గీత వెనుక ఇంకా ఎంతో సమాచారం ఉంటుంది. బయలుదేరే ముందు రోజు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైట్‌లో అదే బాట మీద ప్రశ్న గుర్తు సాధనంతో నొక్కి చూస్తే, ఆ బాట నేల మట్టిదా, కంకరదా, తారుదా అన్నది, బండి దారి అయితే 1 నుంచి 5 వరకు ఉన్న మెట్లలో అది ఎంత గట్టిదన్నది, ఎవరైనా నమోదు చేసి ఉంటే, తెలుస్తుంది. అంకె పెరిగేకొద్దీ నేల మెత్తబడుతుంది. నడక కష్టాన్ని తెలిపే స్విస్ ఆల్పైన్ క్లబ్ కొలమానంలోని ఆరు మెట్లూ అక్కడే ఉంటాయి. తేలికపాటి నడక కోరుకునేవారు మొదటి మెట్టు దాటకపోవడం మంచిది. ఈ అయిదు నిమిషాల పనిని నేను యాప్ వాడకంలో భాగంగానే లెక్కిస్తాను, ఎందుకంటే నడక సులువా కాదా అన్నది దూరం కంటే నేలను బట్టే ఎక్కువగా తేలుతుంది.

ఏటి వెంబడి నడిచేటప్పుడు దారి తప్పడం అరుదు. నీరు ఒక పక్కన ఉన్నంతసేపూ తేల్చుకోవలసింది ఎంత దూరం వచ్చామన్నదే. పైన ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు ఫోన్ కూడా మన చోటును సుమారు 5 మీటర్ల తేడాతో చూపుతుంది. గట్టు మీద ఆ తేడా లెక్కలోకి రాదు. సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, లోయను దాటేచోట వాటి మొన ఎగువ వైపుకు తిరిగి ఉంటుంది కాబట్టి, నీరు ఎటు పారుతోందో కంటితో చూసి పటంతో సరిపోల్చుకుంటే దిక్సూచి లేకుండానే దిక్కు తెలిసిపోతుంది. ఈ యాప్ నాకు అన్నిటికన్నా నచ్చేది వంతెనల విషయంలో. ఒక ఒడ్డున వెళ్లి, తర్వాతి వంతెన దాటి, మరో ఒడ్డున తిరిగి వచ్చే చుట్టు నడకను మధ్య మజిలీలు చేర్చి సులువుగా గీసుకోవచ్చు. నది మెలికలు తిరిగే చోట కంటి అంచనా కంటే గట్టు దూరం బాగా పెరుగుతుంది. ఆ పెరుగుదలను ముందే చూపడం పెద్దవారితోనో పిల్లలతోనో వెళ్లేవారికి నిజమైన ఉపకారం. ఏడాదిలో కొంతకాలమే పారే వాగులకూ నిండుగా పారే వాటికీ, వంతెనకూ నీళ్లలో దిగి దాటే రేవుకూ మూల పటంలో వేర్వేరు నమోదులున్నాయి. దారి రేవు మీదుగా పోతున్నదేమో ముందే చూసుకోవడం తప్పనిసరి.

నది పటంలో గీసినట్టు కదలకుండా ఉండదు. వంపు బయటి ఒడ్డును ప్రవాహం కోస్తూ పోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. కొన్నేళ్ల కిందటి ఉపగ్రహ చిత్రం చూసి గీసిన గట్టు బాట ఇప్పుడు నీటిలో ఉండవచ్చు. బయటి వంపు దగ్గర గీత ఒకచోట, కాళ్ల కింద బాట మరొకచోట ఉన్నాయంటే నేలనే అనుసరించాలి, అంచుకు దూరంగా నడవాలి.

అడవిలో పరిస్థితి తలకిందులవుతుంది. ఆకులు, ముఖ్యంగా తడి ఆకులు, ఉపగ్రహ సంకేతాన్ని బలహీనపరుస్తాయి. మాను మీద పడి మళ్లి వచ్చిన సంకేతం ఆలస్యంగా అందడంతో ఫోన్ దూరాన్ని తప్పుగా లెక్కిస్తుంది. పటం గీసేవారికీ అదే చిక్కు ఎదురవుతుంది. చెట్ల గొడుగు కింది బాట పై నుంచి తీసిన చిత్రంలో కనిపించదు కాబట్టి, నడిచినవారి జీపీఎస్ జాడలను బట్టే వారు గీయాలి, ఆ జాడల్లోనూ ఇదే దోషం ఉంటుంది. అంటే గీతా కొంత పక్కకు జరిగి ఉండవచ్చు, మన చుక్కా జరిగి ఉండవచ్చు, రెండు దోషాలూ కలిసిరావచ్చు. రెండు బాటలు సన్నని కోణంలో విడిపోయే చీలిక దగ్గర దీని ప్రభావం బాగా తెలుస్తుంది. అక్కడ తెరను చూసి వెంటనే తేల్చుకోకుండా, కొద్ది దూరం నడిచి, చుక్క ఏ గీతకు దూరమవుతోందో గమనించాలి. ఉచిత పటాల సమోన్నత రేఖలకు ముఖ్య ఆధారమైన, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుంచి 11 రోజులపాటు జరిగిన రాడార్ కొలతకు కూడా దట్టమైన అడవిలో నేల పూర్తిగా అందలేదు. అది చాలావరకు చెట్ల పైభాగాన్నే కొలిచింది. అందుకే చిన్న వంకలూ గట్లూ రేఖల్లో మాయమవుతాయి. నడకను నమోదు చేసుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: చెట్ల కింద జాడ అటూ ఇటూ ఊగి, నడిచిన దానికంటే ఎక్కువ దూరం చూపుతుంది.

సమయం విషయంలో యాప్ అంచనాతోపాటు 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రాన్ని కూడా వేసి చూడవచ్చు: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. 10 కిలోమీటర్లు, 120 మీటర్ల ఎక్కుడు ఉన్న నడకకు 2 గంటల 12 నిమిషాలు వస్తుంది. పక్షులను చూస్తూ ఆగేవారు మూడు గంటలు అనుకోవాలి.

నీటిమట్టం గురించి ఈ యాప్ ఏమీ చెప్పదు. ఎగువన కురిసిన వాన కొన్ని గంటల తర్వాత, ఎండ కాస్తున్న దిగువకు వరదగా రావచ్చు. పటంలో మాత్రం నది ఎప్పుడూ ఒకే వెడల్పుతో ఉంటుంది. కాబట్టి నీటిమట్టం సమాచారాన్ని వేరుగా తెలుసుకోనిదే పల్లపు గట్టు నడకకు బయలుదేరవద్దని గట్టిగా చెబుతాను. దారిలో వంతెన కొట్టుకుపోయి ఉన్నా, బాట మూసేసి ఉన్నా, ఇంటికి వచ్చాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైట్‌లో ఆ చోట గుర్తు పెట్టి రెండు వాక్యాలు రాసి ఉంచవచ్చు. దాన్ని చూసి ఎవరైనా స్వచ్ఛంద కార్యకర్త పటాన్ని సరిచేస్తే, యాప్‌లో తర్వాత దించుకునే పటంలో ఆ మార్పు కనిపిస్తుంది.