రీఫ్ ట్యాంకులో ఎర్ర పాచి పట్టిందా? లేబుల్ లేని పొడి మాత్రం కొనకండి

డాలస్ చుట్టుపక్కల, ముఖ్యంగా ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు సాల్ట్ వాటర్ ట్యాంకులు (సముద్రపు చేపలు, కోరల్స్ అంటే పగడాలు పెంచే రీఫ్ ట్యాంకులు) పెట్టుకున్న మనవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. ఇసుక మీద, రాళ్ళ మీద ఎర్రగా జిగట పాచి పరుచుకుంటే, షాపులో జిప్ కవర్లో పోసి అమ్మే తెల్ల పొడి కొనకండి. మాకు ఇచ్చిన కవరు మీద కంపెనీ పేరు లేదు, అందులో ఉన్న మందేమిటో లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు. మార్కర్‌తో "స్లైమ్ రిమూవర్" అని రాసి ఉంది, అంతే. పది గాలన్లకు ఒక చెంచా వేయండి, స్కిమ్మర్ (గాలి బుడగలతో నీళ్ళలోని మలినాన్ని నురగగా కప్పులోకి తీసే యంత్రం) ఆపేయండి అని చెప్పి పంపించారు. గాలి పంపు సంగతి ఎత్తనే లేదు.

చెప్పినట్టే వేశాం. మర్నాడు తెల్లారేసరికి ఎల్లో టాంగ్ అనే పసుపు చేప, క్లీనర్ రొయ్యలు చచ్చిపడి ఉన్నాయి. క్లౌన్ చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి. కరెంటు పోతే పనికొస్తుందని ఉంచుకున్న బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టాక అవి బతికాయి. ఆ టాంగ్‌కి మా పాప రోజూ చేత్తో నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) పెట్టేది. షాపుకి ఫోన్ చేస్తే "మీ ట్యాంకులోనే ఏదో తేడా ఉంది, రిఫండ్ లేదు" అన్నారు. ఆ పొడిలో ఏముందో చెప్పమని ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు.

చేపలు ఎందుకు పోయాయో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరి ట్యాంకులోనైనా జరగొచ్చు. ఎర్ర పాచి అని మనం అనేది నిజానికి నాచు కాదు, సయానో బాక్టీరియా. దానికి చాలాకాలంగా వాడుతున్న మందు ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. పాచి ఒక్కసారిగా చచ్చిందంటే ట్యాంకు నిండా కుళ్ళు మొదలవుతుంది. ఆ కుళ్ళును తినే వేరే బాక్టీరియా ఆక్సిజన్ లాగేసుకుంటుంది. అసలే ఉప్పునీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. 78 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మంచినీళ్ళలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు కరిగితే, సముద్రపు నీళ్ళలో 7 కూడా కరగదు. రాత్రి లైట్లు ఆరిపోయాక కొత్తగా ఆక్సిజన్ తయారు కాదు, పీల్చడం మాత్రం ఆగదు. నీళ్ళలోకి గాలి కలిపే స్కిమ్మర్‌ని కూడా ఆపేస్తే ఇంకేముంటుంది? అసలు పేరున్న కంపెనీ ప్యాకెట్ అయితే ఎయిర్ స్టోన్ (గాలి పంపుకు తగిలించి నీళ్ళలో బుడగలు వదిలే రాయి) తప్పనిసరి అనీ, 48 గంటల తర్వాత నీళ్ళు మార్చమనీ దాని మీదే రాసి ఉంటుంది. విడి కవర్లో పోసి అమ్మితే ఆ మాటలన్నీ పోతాయి.

పైగా చేపల యాంటీబయాటిక్‌ల వ్యవహారం ఇక్కడ ముందునుంచీ గందరగోళమే. అనుమతి లేని మందులు అమ్ముతున్నారని 2023 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొమ్మిది సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో అలంకార చేపల కోసం అమ్మేవీ ఉన్నాయి. అలాంటప్పుడు పేరే లేని పొడిని నమ్మేదెలా?

నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగించింది నీళ్ళ సంగతి. పాచి ఎక్కడినుంచి వస్తోందో వెతుకుతూ అదే షాపులో కొన్న నీళ్ళను పరీక్షించాం. అక్కడ ఆర్‌వో డీఐ (పొర ఫిల్టరుతో, తర్వాత రెజిన్‌తో శుద్ధి చేసిన నీళ్ళు) అని అమ్మే మంచినీళ్ళ టీడీఎస్, అంటే కరిగి ఉన్న పదార్థాల కొలత, సున్నా ఉండాలి, మీటర్ 41 చూపించింది. కలిపి అమ్మే ఉప్పునీళ్ళలో ఫాస్ఫేట్ 0.3 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) వచ్చింది. చాలామంది తమ ట్యాంకులో 0.1 దాటకుండా చూసుకుంటారు. అంటే నీళ్ళు మార్చిన ప్రతిసారీ పాచికి మేత పోస్తున్నట్టే. పైపులు తుప్పు పట్టకుండా అమెరికాలో చాలా ఊళ్ళు కుళాయి నీళ్ళలో ఫాస్ఫేట్ కలుపుతాయి. మన వైపు నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ వాటర్ డిస్ట్రిక్ట్ క్రిములు చంపడానికి క్లోరమైన్ కూడా వాడుతుంది. ఫిల్టర్లో కార్బన్, డీఐ రెజిన్ సమయానికి మార్చకపోతే ఇవి పూర్తిగా ఆగవు. కొనేముందు ఉప్పు కలపని నీళ్ళు ఒక గ్లాసు అడిగి, అక్కడే మీటర్ ముంచి చూడండి. ఉప్పు కలిపాక టీడీఎస్ చూసి లాభం లేదు. చూడనివ్వని చోట కొనొద్దు.

ఇంకొకటి. షాపువాళ్ళు ఫోన్లో ఫొటో చూసి "సయానో" అనేస్తారు, అది సయానో కాకపోవచ్చు. సయానో దుప్పటిలా పొరలు పొరలుగా లేచి వస్తుంది. ముక్కు చీమిడిలా గోధుమరంగు తీగలు, కొసల్లో గాలి బుడగలు ఉంటే డైనోఫ్లాజెలేట్లు (డైనోలు అనే వేరే రకం ఏకకణ జీవులు) అయ్యే అవకాశం ఎక్కువ. వాటి మీద ఈ మందు పనిచేయదు, డబ్బు దండగ. కొన్ని రకాలు విషం వదిలి నత్తల్ని చంపుతాయి కూడా. ట్యాంకు నీళ్ళతో కొంచెం పాచి సీసాలో వేసి బాగా కుదిపి, టిష్యూలో వడకట్టి, ఆ నీళ్ళను వెలుతురులో ఒక గంట ఉంచండి. మళ్ళీ తీగలుగా కూడుకుంటే డైనోలే. చవక మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది, సయానో పోగుల్లా కనిపిస్తుంది, డైనోలు గింజల్లా ఉండి తిరుగుతుంటాయి.

మాకు పాచి తగ్గింది మందుతో కాదు. సన్న గొట్టంతో సైఫన్ చేసి పొరలు లాగేశాం, నీళ్ళు కదలని మూలకి పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్ళను తోసే చిన్న పంపు) తిప్పాం, సొంత ఆర్‌వో డీఐ పెట్టుకున్నాం. నైట్రేట్ సున్నాకి పడిపోయి ఫాస్ఫేట్ మిగిలి ఉన్న ట్యాంకుల్లో సయానో తరచూ పెరుగుతుంది కాబట్టి, నైట్రేట్‌ని 5 పీపీఎం దగ్గర నిలబెట్టాం. వారాలు పట్టింది. కానీ కోరల్స్ అన్నీ దక్కాయి.

ఇప్పటికే పొడి వేసేసిన వాళ్ళుంటే ఈ రాత్రే ఎయిర్ స్టోన్ పెట్టండి, పవర్‌హెడ్‌ని నీటి పైభాగం కదిలేలా తిప్పండి. చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా, కలిపి ఉంచిన మంచి ఉప్పునీళ్ళతో పావు వంతు మార్చి, కొత్త కార్బన్ వేయండి. స్కిమ్మర్ నురగ పొంగి కప్పు దాటుతుంది, కప్పు తీసేసి నురగ సంప్‌లోకే (ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలోకే) పడేలా నడపండి, గాలైతే అందుతుంది.