సీపీసీకి ఏది మేలు: బేర్ యాక్టా, గైడా, కేసు కట్టా?

సివిల్ కోర్టుల్లో దావా ఎలా నడవాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) పేరెత్తితేనే లా విద్యార్థులకు టెన్షన్. 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు. పైగా ఒకే విషయం రెండు చోట్ల ఉంటుంది. తన తీర్పును కోర్టే మళ్లీ పరిశీలించే (రివ్యూ) అధికారం సెక్షన్ 114లో, దాని వివరాలు ఆర్డర్ 47లో. సెక్షన్లను మార్చాలంటే చట్టసభే మార్చాలి, ఆర్డర్లలోని రూల్స్‌ను హైకోర్టులు కూడా సవరించుకోవచ్చు. అందుకే ఆ విభజన. ఈ ఒక్క ముక్క మొదటి క్లాసులోనే చెబితే సగం భయం పోతుంది, కానీ చెప్పేవాళ్లు తక్కువ.

గైడు చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది, కాదనను. ప్లెయింట్ (వాది వేసే దావా పత్రం) వాపసు ఆర్డర్ 7 రూల్ 10, తిరస్కరణ రూల్ 11 అని పట్టిక వేసి ఇస్తుంది, బట్టీ పడతాం. ప్రశ్న కాస్త తిప్పి, ‘ఈ రెండిటి మీదా అప్పీలు ఉందా?’ అని అడిగితే చాలు, కలం ఆగిపోతుంది. జవాబు మొదట్లోనే, సెక్షన్ 2(2)లో ఉంది. తిరస్కరణ డిక్రీ (హక్కులు తేల్చే కోర్టు నిర్ణయం) కింద లెక్క, కాబట్టి సెక్షన్ 96 కింద అప్పీలు వేయొచ్చు. వాపసు డిక్రీ కాదు, ఉత్తర్వు మాత్రమే. దాని మీద అప్పీలుకు ఆర్డర్ 43 రూల్ 1 చూడాలి. ఇలా ముందుకీ వెనక్కీ పేజీలు తిప్పే అలవాటు, వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే బేర్ యాక్ట్‌తోనే వస్తుంది.

అలాగని బేర్ యాక్ట్ ఒక్కటే నమ్ముకున్నా మునిగిపోతాం. రిటన్ స్టేట్‌మెంట్‌కు (ప్రతివాది రాతపూర్వక జవాబు) సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 రోజులు, అంతకు మించి కుదరదన్నట్టే ఆర్డర్ 8 రూల్ 1 రాసి ఉంటుంది. తగిన కారణం ఉంటే ఆ గడువు దాటాక కూడా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. కమర్షియల్ దావాల్లో మాత్రం 120 రోజులు దాటితే అంతే సంగతులు. రూల్ పక్కన తీర్పు లేకపోతే చదివింది సగమే.

ఇక కేసు కట్ట. ఇంటర్న్‌షిప్‌లో సీనియర్‌ని అడిగి, తీర్పు వచ్చేసిన దావా కట్ట ఒకటి ప్లెయింట్ నుంచి డిక్రీ దాకా చదవండి. నా ఓటు దీనికే. అందరినీ ఏడిపించే ఆర్డర్ 9నే చూడండి. వాయిదా రోజు ఇద్దరూ రాలేదని దావా కొట్టేస్తే, కాలపరిమితి ఉన్నంతవరకు వాది మళ్లీ దావా వేసుకోవచ్చు. ప్రతివాది వచ్చి వాది రాకపోతే, ప్రతివాది దావాను ఒప్పుకోకపోతే, రూల్ 8 కింద కొట్టేస్తారు. ఇక అదే కారణం మీద కొత్త దావా కుదరదు, రూల్ 9 కింద ఆ ఉత్తర్వు రద్దు చేయమని అడుక్కోవాల్సిందే. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న ఒక్క వాక్యం మీద ఇంత తేడా ఉంటుందని ఆ రోజు ఉత్తర్వు చూస్తే తెలిసిపోతుంది.

కట్టకీ లోటుంది. ఆ కేసులో జరిగిందే కనిపిస్తుంది. రెస్ జ్యుడికేటా (ఒకసారి తేలిన వివాదాన్ని మళ్లీ విచారించకూడదన్న నియమం) గొడవే రాని దావాలో సెక్షన్ 11 ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి పక్కన బేర్ యాక్ట్ తెరిచే ఉంచుకోవాలి, గైడును రివిజన్ దాకా ముట్టకూడదు. పరీక్ష నెత్తి మీద ఉన్నవాళ్లకు ఈ సలహా పనికిరాదు. వాళ్లు గైడే చదువుకుని, సెక్షన్ 2, 9 నుంచి 11, ఆర్డర్లు 7, 8, 9 మాత్రం బేర్ యాక్ట్‌లో చూసుకుంటే చాలు.