పర్లాకిమిడి నుంచి మోహన దాకా: ఆరేళ్లుగా నేను వేసుకుంటున్న హెల్మెట్, గ్లవ్స్, జాకెట్

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. సెల్ టవర్లలో బ్యాటరీలు, జనరేటర్లు చూసే పని నాది. కాశీనగరం, గుమ్మ, సెరంగో, ఆర్. ఉదయగిరి, మోహన... ఎక్కడ టవర్ ఆగిపోతే అక్కడికి 125 సీసీ బండి మీద వెళ్లాలి. పగలని లేదు, రాత్రని లేదు. 2019 డిసెంబరు నుంచి ఇప్పటిదాకా ఈ సామాను ఒంటి మీద పెట్టుకుని 72,000 కిలోమీటర్లు తిరిగాను. ఒకసారి పడ్డాను. కాబట్టి కొన్న వారానికి రాసే మాటలు కావివి.

అంతకుముందు నా తల మీద ఉన్నది రోడ్డు పక్కన 250 రూపాయలకు కొన్న సగం టోపీ. 2019 సెప్టెంబరులో సవరించిన మోటారు వాహన చట్టం అమల్లోకి వచ్చి, హెల్మెట్ లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు అయింది. ఆ భయంతోనే కొత్తది కొనడానికి బరంపురం వెళ్లాను. కొట్లో కూర్చుని పాతదాని లోపల బొటనవేలితో నొక్కి చూశాను. పల్చటి స్పాంజి, దాని వెనక ప్లాస్టిక్. అంతే. దాంతో నాలుగేళ్లు ఘాటీలు దిగాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

హెల్మెట్‌లో అసలు పని చేసేది పైన కనిపించే గట్టి డొప్ప కాదు, లోపలి థర్మాకోల్. మా వైపు సంతకు కోడిగుడ్లు తెచ్చేవాళ్లు గంపలో ఊక పోసి, అందులో గుడ్లు పెడతారు. గంప ఎంత గట్టిదైనా ఊక లేకపోతే గుడ్డు మిగలదు. థర్మాకోల్ ఆ ఊకలాంటిది. తల నేలకు కొట్టుకున్నప్పుడు అది నలిగి, దెబ్బ మెదడు దాకా ఒక్కసారిగా పోకుండా ఆపుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా మార్చేయాలి. పడకపోయినా చెమట, ఎండ తగిలి ఐదేళ్లకు మార్చడం మంచిది.

నేను కొన్నది నిండు ముఖం మూసేది, 2,400 రూపాయలు. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా దొంగ స్టిక్కర్లు తిరుగుతూనే ఉన్నాయి. గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఏ కంపెనీదో వస్తుంది. కొట్టువాడి ఎదుటే చూడండి, మొహమాటం అక్కర్లేదు.

సైజు విషయంలో మొదట తప్పు చేశాను. కొట్లో పెట్టుకుంటే బుగ్గలు నొక్కుతున్నాయని ఒక సైజు పెద్దది అడిగాను. ఆ కొట్టులో పెద్దాయన ఇవ్వనన్నాడు. "నెల్రోజులు ఓపిక పట్టు బాబూ, మెత్తలు సర్దుకుంటాయి. వదులుగా ఉంటే పడ్డప్పుడు నీకంటే ముందు అదే వెళ్లిపోతుంది" అన్నాడు. టేపుతో కనుబొమల పైనుంచి చుట్టూ కొలిచి 58 సెంటీమీటర్ల సైజే ఇచ్చాడు. మెత్తలు నలభై రోజులకు సర్దుకున్నాయి. ఇంకో పరీక్ష కూడా ఆయనే నేర్పాడు. స్ట్రాప్ బిగించాక, వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించి లాగాలి. ఊడి వచ్చేస్తే అది మన తలది కాదు. స్ట్రాప్ పెట్టకుండా నెత్తిన మోసే హెల్మెట్‌కూ, హ్యాండిల్‌కు వేలాడే హెల్మెట్‌కూ నాకు తేడా కనిపించదు.

వైజర్, అంటే ముఖం ముందు అద్దం, రంగు లేనిదే తీసుకోండి. నల్లది పగలు హాయిగా ఉంటుంది కానీ, ఆర్. ఉదయగిరి నుంచి పొద్దుపోయాక దిగి వచ్చేవాడికి ప్రాణాంతకం. గీతలు పడుతుంది కాబట్టి ఏడాదికో ఏడాదిన్నరకో మారుస్తున్నాను. పెట్రోలు గుడ్డతో తుడవొద్దు, సబ్బు నీళ్లు చాలు. పెట్రోలు, థిన్నరు వైజర్‌నీ థర్మాకోల్‌నీ కూడా తినేస్తాయి. చంద్రగిరి వైపు, జిరంగలో టిబెట్ వాళ్ల మఠం ఉన్న దారిలో, డిసెంబరు, జనవరి పొద్దుల్లో మంచు కమ్ముకుంటుంది. ఊపిరికి వైజర్ లోపల ఆవిరి పట్టి దారి కనపడదు. నా హెల్మెట్‌కు ఆవిరి ఆపే రెండో అద్దం పెట్టే వీలు లేదు. వైజర్ కొంచెం ఎత్తి పెట్టుకుని, కళ్లకు నీళ్లు కారుతూ నడపాలి. కొనేటప్పుడు ఆ వీలు ఉందో లేదో అడగండి. కొండల్లో తిరిగేవాళ్లకు అది సోకు కాదు.

ఇక పడ్డ రోజు సంగతి.

2022 ఫిబ్రవరి. కాశీనగరం నుంచి గుణుపురం వైపు, ఉదయం ఎనిమిది దాటింది. ఎండ బాగుంది, రోడ్డు బాగుంది, స్పీడు నలభై ఉంటుందేమో. ఘాటీ కాదు, రాత్రి కాదు, వాన కాదు. వంపు తిరగ్గానే రోడ్డు నిండా ఉలవ మండలు పరిచి ఉన్నాయి. బళ్లు తొక్కితే కాయ రాలుతుందని మా వైపు అందరూ అలాగే పరుస్తారు, మా నాన్నా పరిచేవాడు. ఎండు మండల మీద ముందు చక్రం సబ్బు మీద జారినట్టు జారింది. ఎడమ పక్కకు పడి, బండితో పాటు కొంత దూరం ఈడ్చుకుపోయాను. ఎడమ అరచెయ్యి ముందు నేలకు తగిలింది. తర్వాత మోకాలు, మోచెయ్యి, చివరికి హెల్మెట్ కణత పక్క 'ఠక్'మని.

ఉలవలు నూర్చుతున్న ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! సెయ్యి ఆడతందేటి నాయినా?" అని నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకు చూసింది. ఆడుతున్నాయి. గ్లవ్ అరచేతి మీది తోలు అరిగి, లోపలి గుడ్డ బయటికి వచ్చింది. ఆ తోలు స్థానంలో నా చర్మం ఉండేదని అప్పుడు గాని తెలియలేదు. మనిషి పడేటప్పుడు ఆలోచించకుండానే చెయ్యి ముందు చాస్తాడు. అందుకే హెల్మెట్ తర్వాత దేనికి డబ్బు పెట్టాలని ఎవరడిగినా గ్లవ్సే అంటాను. అరచేతిలో, మణికట్టు పక్కన గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉన్నవి చూడండి. అది నేల మీద జారుతుంది. తోలు ఒక్కటే అయితే నేలను పట్టుకుని మణికట్టును మెలి తిప్పేస్తుంది. మొదటి జత 1,600. ఆ రోజుతో దాని పని అయిపోయింది.

ఆ ముసలావిడ తన ఉలవల వల్లే అయిందని ఏడుపు మొదలుపెట్టింది. ఆమెను ఊరుకోబెట్టడానికే ఎక్కువసేపు పట్టింది. నాకు మిగిలింది భుజం నొప్పి, మోచేతి దగ్గర కమిలిన మచ్చ. మర్నాడు డ్యూటీకి వెళ్లాను.

ఇంటికొచ్చి హెల్మెట్ మెత్తలు ఊడదీసి చూస్తే, కణత దగ్గర థర్మాకోల్‌లో వెంట్రుక మందాన నెర్ర. బయట గీతలు తప్ప ఏమీ లేదు. ఇక్కడి కొట్లో ఒకాయన, "ఏం కాలేదండీ, రంగు కొట్టిస్తే కొత్తదే" అన్నాడు. నాతో పనిచేసే కుర్రాడు, "అన్నా, పారేసే బదులు నాకియ్యి" అని అడిగాడు. ఇవ్వలేదు, స్ట్రాపులు రెండూ కత్తిరించి పడేశాను. ఆ కుర్రాడికి కోపం వచ్చింది. తర్వాతి నెల జీతంలో వాడి చేత కొత్తది కొనిపించాను.

మోకాలి కవచాలు (1,800) ప్యాంటు మీద కట్టుకునే రకం. పడ్డప్పుడు ఎడమది గీరుకుపోయింది, మోకాలు భద్రం. కానీ రోజువారీ వాడకంలో ఇవే నన్ను ఎక్కువ విసిగించాయి. గంట నడిపితే కిందికి జారిపోతాయి. బిగిస్తే మోకాలి వెనక చెమటకు ఒరుసుకుని ఎర్రగా కందుతుంది. జారిపోయిన కవచం పడ్డప్పుడు పిక్కను కాపాడుతుంది గాని మోకాలిని కాదు. ఇప్పుడు లోపల తొడుక్కునే, సాగే గుడ్డ రకం వాడుతున్నాను, అది కదలదు.

జాకెట్ గురించి అందరూ అడిగేది ఒక్కటే: ఈ ఎండలో ఎలా వేసుకుంటావు? నాది వల గుడ్డది, 5,500. బండి కదులుతుంటే గాలి లోపలికి కొడుతుంది, చొక్కా ఒక్కటే ఉన్నప్పటి కంటే నయం అనిపిస్తుంది, ఎందుకంటే ఎండ నేరుగా ఒంటికి తగలదు. ఆగితే మాత్రం నరకం. మే నెలలో రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే ముందు జిప్ తీయాల్సిందే, తీస్తాను. నల్ల రంగు కొనొద్దు, బూడిద రంగు తీసుకోండి, రాత్రి లారీ లైట్లకు కూడా కనిపిస్తారు. వల గుడ్డ రోడ్డు మీద రాపిడికి దిట్టమైన గుడ్డంత ఆగదు, అది ఒప్పుకోవాలి. నా మోచేతి దగ్గర అరచేయంత చిరుగు పడింది. లోపలి మెత్త ఆపింది కాబట్టి ఎముక బతికింది.

ఆ మెత్తల మీద యూరప్ వాళ్ల సీఈ గుర్తు, ఈఎన్ 1621 అనే వాళ్ల ప్రమాణం నంబరు, లెవెల్ ఉంటాయి. భుజాలకు, మోచేతులకు, మోకాళ్లకు పెట్టేవాటిలో లెవెల్ 1 అంటే పరీక్షలో కొట్టిన దెబ్బలోంచి అవతలికి వచ్చే బలం సగటున 35 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2 అయితే 20. అంటే లెవెల్ 2 తీసుకుంటే ఎముకకు చేరే దెబ్బ బాగా తగ్గుతుంది. నా జాకెట్‌లో భుజాలకు, మోచేతులకు లెవెల్ 2 ఉన్నాయి. వీపుకు మాత్రం పేరుకు ఒక స్పాంజి ముక్క పెట్టారు, దాని మీద ఏ గుర్తూ లేదు. నడుముకు ఏమైనా అయితే టవర్ దగ్గరికి వెళ్లేదెవరు? వీపు మెత్త వేరే కొని వేసుకున్నాను. మీరు కొనేటప్పుడు వీపు జేబులో చెయ్యి పెట్టి చూడండి. రెండో ఏడు జిప్ పోయింది. కంపెనీకి ఫోటోలు పంపితే గ్యారంటీ దాటిపోయిందన్నారు. దర్జీ నూట యాభైకి వేసిన జిప్ ఇప్పటికీ నడుస్తోంది. వానకు లోపల వేసుకునే పొర వృథా. జాకెట్ అంతా తడిసి బరువెక్కుతుంది, మనం మాత్రం పొడిగా వణుకుతుంటాం. పైన వేసుకునే రెయిన్‌కోటే మేలు.

బూట్లు 4,200. చీలమండ దాటి ఉండాలి, లేసులు చైనులో చిక్కకుండా లోపలికి దోపాలి. అంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇంట్లోవాళ్ల సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. నేను యుద్ధానికి వెళ్లేవాడిలా తయారై, వెనక మా ఆవిడను ఉత్త తలతో కూర్చోబెట్టుకుని తిరిగాను. అది నా తప్పే. ఆమె కన్నవారిల్లు పాతపట్నం, ఇలా గట్టు దాటితే అలా ఆంధ్రా. "అక్కడికేనా ఇదంతా? అమ్మ నవ్వుతాదండీ" అనేది. నేను పడ్డ రోజు ఆ గ్లవ్ చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది. ఏమీ అనలేదు. ఆ ఆదివారం తనే, "నాకూ ఒకటి కొనండి" అంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు 50,029. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఆ చివరి అంకె చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు.

ఆడవాళ్ల హెల్మెట్‌కు ఒక చిక్కు ఉంది, కొట్లో ఎవరూ చెప్పరు. కొప్పు పెట్టుకుని దాని మీద హెల్మెట్ పెడితే అది వెనక నుంచి పైకి లేచి నుదుటి మీదికి జారుతుంది. సరిగా కూర్చోదు, స్ట్రాప్ కూడా గొంతు మీదికి పోతుంది. జడను కిందికి, మెడ దగ్గర వదులుగా వేసుకోవాలి. మా ఆవిడ పువ్వులను చిన్న డబ్బాలో తెచ్చుకుని, బండి దిగాక పెట్టుకుంటుంది.

మా బాబుకు ఏడేళ్లు. నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లకూ చట్టప్రకారం హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకైతే 2023 ఫిబ్రవరి 15 నుంచి హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకు కట్టే బెల్టు కూడా ఉండాలి, స్పీడు నలభై దాటకూడదు. పిల్లల సైజు పర్లాకిమిడిలో దొరకలేదు, బరంపురంలో రెండు కొట్లు తిరిగితే ఒకటి దొరికింది. పెద్దవాళ్లది బట్ట కుక్కి పెట్టడం చాలామంది చేస్తున్నారు. దయచేసి చెయ్యకండి. పిల్లవాడి మెడ అంత బరువు మోయలేదు, తల లోపల గంటలా కొట్టుకుంటుంది.

మొత్తం కలిపితే నాకు మొదట అయిన ఖర్చు 15,500. ఒకేసారి కొనలేదు. ముందు హెల్మెట్, రెండు నెలలకు గ్లవ్స్, ఆ తర్వాత మోకాళ్లకు, బూట్లు, చివరికి జాకెట్. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఇదే వరసలో వెళ్లండి. హెల్మెట్, గ్లవ్స్ రెండూ కలిపి నాలుగు వేలు. టవర్ ఎక్కేటప్పుడు కట్టుకునే బెల్టు మా ఆఫీసు ఇస్తుంది. టవర్ దాకా వెళ్లే దారికి మాత్రం మనమే కొనుక్కోవాలి. అది ఇవ్వమని రెండుసార్లు కాగితం పెట్టాను, ఇంకా పెడతాను.

రెండో జత గ్లవ్స్‌కు ఎడమ బొటనవేలి కుట్టు ఈ మధ్య విడిపోయింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మైనం దారంతో కుట్టించాను గాని, అరచేతి తోలు కూడా పల్చబడింది. ఉలవ కోతలు మొదలయ్యాయి. కాశీనగరం రోడ్డు మీద మండలు పడకముందే మూడో జత తెచ్చుకోవాలని రేపు బరంపురం బస్సు ఎక్కుతున్నాను. బాబు హెల్మెట్ కూడా బిగుతైంది, వాణ్నీ తీసుకెళ్తున్నాను.