కాఫీ పొడి ఆఫర్లు: అసలెంత, కొసరెంత

ముందే తీర్పు చెప్పేస్తే, సూపర్ మార్కెట్ కాఫీ అరలో నిజంగా డబ్బు మిగిల్చే ఆఫర్ ‘అదే ధరకు 20% అదనం’ అన్న ప్యాకెట్టు. కప్పు ఉచితం, డబ్బా ఉచితం అన్నవి చాలాసార్లు కొసరు చూపించి అసలు మరిపిస్తాయి. ఫిల్టర్ పొడి మీద ‘ఒకటి కొంటే ఒకటి’ అయితే ఊరికే ఇచ్చినా ఆలోచించాల్సిందే.

లెక్క గ్రాము దగ్గర మొదలెట్టాలి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు యూనిట్ ధర కూడా వేయాలి. కిలోకి తక్కువ బరువున్న సరుకైతే గ్రాముకి ఇంత అని ఉంటుంది. సాధారణంగా ఎమ్మార్పీ దగ్గరే, చీమ తలకాయంత అక్షరాల్లో. అయితే అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క. షాపులో తగ్గించి అమ్ముతుంటే బిల్లు ధరని గ్రాములతో మీరే భాగించుకోవాలి.

అక్కడితో ఆగితే కూడా పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే ఆ గ్రాములన్నీ కాఫీ కావు. చికోరీ (కాఫీలో కలిపే ఒక మొక్క వేరు పొడి) కలిపిన పొడిలో కనీసం 51 శాతం కాఫీ ఉండాలన్నది ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన. రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాసి తీరాలి. నెస్కెఫే క్లాసిక్ పూర్తిగా కాఫీ. అదే కంపెనీ సన్‌రైజ్‌లో చికోరీ ఉంటుంది. బ్రూ గ్రీన్ లేబుల్ ఫిల్టర్ పొడి చాలాకాలంగా 53:47, అంటే కాఫీ 53, చికోరీ 47. ఇప్పుడు ఊహా ధరలతో ఒక లెక్క వేద్దాం. అచ్చమైన ఇన్‌స్టంట్ కాఫీ 50 గ్రాములు 200 రూపాయలు, 70:30 మిశ్రమం 50 గ్రాములు 150 రూపాయలు అనుకోండి. గ్రాముకి 4 రూపాయలు, 3 రూపాయలు. రెండోదే చవక అనిపిస్తుంది. కానీ దాంట్లో కాఫీ 35 గ్రాములే కాబట్టి కాఫీ గ్రాము 4 రూపాయల 29 పైసలు పడింది. చవకది ఖరీదైంది.

చికోరీని తిట్టడం మా ఉద్దేశం కాదు. పాలల్లో ఆ చిక్కదనం, ఆ రంగు, నాలుక మీద నిలిచే చేదు దానివల్లే వస్తాయి. మనవైపు చాలా ఇళ్లలో అది లేకపోతే కాఫీ ‘పలచగా ఉంది’ అంటారు. కాకపోతే దాంట్లో కెఫీన్ ఉండదు, ధరా కాఫీ కంటే తక్కువ. అరబికా రకం కాఫీ గింజల ధర ప్రపంచ మార్కెట్లో 2024 డిసెంబర్‌లో 1977 నాటి రికార్డు దాటి, 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు మించింది. అలాంటప్పుడు కంపెనీ ముందు మూడు దారులుంటాయి: ఎమ్మార్పీ పెంచడం, గ్రాములు తగ్గించడం, చికోరీ పెంచడం. మొదటిది అందరికీ తెలిసిపోతుంది, మూడోది దాదాపు ఎవరికీ కనపడదు. ఎప్పుడూ కొనే ప్యాకెట్టే అయినా ఆర్నెల్లకోసారి ఆ శాతాల వరస చదవండి.

ఆఫర్ చూసి జనం ఏం చేస్తారన్నది అమెరికాలో కాఫీ అమ్మకాల మీదే లెక్కగట్టారు. 1988లో మార్కెటింగ్ పరిశోధకుడు సునీల్ గుప్తా సూపర్ మార్కెట్ బిల్లు స్కానర్ లెక్కలు విప్పి చూస్తే, ఆఫర్ వల్ల పెరిగిన స్పందనలో 84 శాతం బ్రాండు మారడమే. ముందుగా కొనేయడం 14 శాతం లోపు, ఎక్కువ కొని దాచుకోవడం 2 శాతం లోపు. 2003లో ఆయనే మరో ఇద్దరితో కలిసి లెక్క తిరగేశారు. అమ్ముడైన ప్యాకెట్లలో చూస్తే, పక్క బ్రాండు నుంచి లాగింది మూడో వంతేనని తేల్చారు. ఏ లెక్క పట్టుకున్నా పక్కింటి బ్రూ వాళ్లని తనవైపు తిప్పుకోవడం కంపెనీకి పెద్ద ఆశే. అందుకే ‘కొత్త రుచి’ చిన్న ప్యాకెట్లకు అంత ధర తగ్గిస్తారు. మారాలనుకుంటే అప్పుడు చిన్న ప్యాకెట్టే కొనండి, రుచి నచ్చాక పెద్దది.

‘20% అదనం’ అంటే 20 శాతం తగ్గింపు కాదు. 50 గ్రాముల ధరకు 60 వస్తే గ్రాము మీద తగ్గింది 16.7 శాతమే. అయినా మేలే, ఎందుకంటే కొసరు కూడా కాఫీయే. మగ్గు కలిపిన సీసాకి అదే బరువున్న రీఫిల్ ప్యాకెట్ ధర పక్కన పెట్టి చూడండి. ఆ తేడాయే మగ్గుకి మీరు కట్టిన వెల. ఇంకొకటి: 2025 సెప్టెంబర్ 22న ఇన్‌స్టంట్ కాఫీ జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. 118 రూపాయలది 105కి రావాలి, అంటే సుమారు 11 శాతం. పాత ఎమ్మార్పీ కొట్టేసి ‘11% తగ్గింపు’ అని చీటీ పెడితే అది షాపు ఉదారం కాదు, పన్ను. చికోరీ కలపని వేయించిన పొడికి ముందునుంచీ 5 శాతమే కాబట్టి అక్కడ ఈ మార్పు వెతకొద్దు.

ఫిల్టర్ పొడి తెరిచాక రెండు మూడు వారాల్లో వాసన దిగిపోతుంది. ఇద్దరికి రోజుకి 20 గ్రాములు వేసినా అరకిలో 25 రోజులు వస్తుంది. 1+1లో రెండో అరకిలో విప్పేనాటికి ప్యాక్ చేసి ఎన్నాళ్లయిందో చూడండి. ఇలాంటి ఆఫర్ గడువు దగ్గరపడ్డ సరుకు మీద పెట్టడం మామూలే. పొడి పట్టించే దుకాణం దగ్గరుంటే పీబెర్రీ (ఒంటి గింజ కాఫీ) కిలో ఎంత, చికోరీ కిలో ఎంత అని విడిగా అడగండి. 80:20 ధర మీరే కట్టుకోవచ్చు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని 53:47 పొడి పక్కన పెట్టి గ్రాము ధర పోల్చడమంటే నెయ్యినీ డాల్డానీ ఒకే తూకానికి పెట్టడమే.

ఒంటరిగా ఉండి రోజుకో కప్పు తాగేవాళ్లకి 200 గ్రాముల సీసా ఆఫర్ నష్టమే. కప్పుకి 2 గ్రాముల చొప్పున అది 100 రోజులు. విశాఖ, కాకినాడ గాలి తేమకి ఆ లోపే ముద్దకడుతుంది, తడి చెంచా పెడితే ఇంకా తొందరగా. వాళ్లకి సాషెల దండే నయం. కాకపోతే సాషెలో ధర నిలబెట్టి గ్రాములు కోస్తారు, యూనిట్ ధర కూడా చాలా వాటి మీద కనపడదు. దండ తెంపేముందు ఒక్క సాషె బరువు చదివి, ధరని దాంతో భాగించండి.