సీపీ పిల్లల ఏఎఫ్‌ఓ: మడమ ఆనకపోతే కొన్నా దండగే

సెరిబ్రల్ పాల్సీ (సీపీ)లో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. కానీ బిడ్డ ఎదిగేకొద్దీ ఎముక సాగుతుంది, బిగుసుకున్న పిక్క కండరం అంత త్వరగా సాగదు. మొదట్లో చేత్తో నొక్కితే నేలకు దిగే మడమ, కొన్నేళ్లకు నొక్కినా దిగదు. పాదాన్ని కాలికి లంబంగా నిలిపే ప్లాస్టిక్ స్ప్లింటే ఏఎఫ్‌ఓ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్). సరిగ్గా కుదిరితే నిలబడటంలో, నడకలో తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. అలాగని పిక్క సాగదీసే వ్యాయామాలు మానకూడదు.

ఆన్‌లైన్‌లో ఎస్, ఎమ్, ఎల్ సైజుల్లో దొరికే ఫుట్‌డ్రాప్ స్ప్లింట్ ఈ పిల్లలకు కొనొద్దు. అది బలం లేక వేలాడే పాదాన్ని ఎత్తి పట్టడానికి చేసింది. బిగుతుతో కిందికి తోసే పాదానికి అది ఆగదు, వంగిపోతుంది.

కాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీసి, దాని మీద వేడి చేసిన పాలీప్రొపిలీన్ షీటు పరిచి చేసిందే తీసుకోండి. అచ్చు తీసేటప్పుడు మోకాలు మడిచి, మడమ పక్కకు ఒరగకుండా పట్టుకోవాలి. అక్కడ వంకర వస్తే తర్వాత ఎంత చెక్కినా పోదు.

తెచ్చుకునే ముందు మడమ వెనక చిన్న రంధ్రం పెట్టించండి. తొడిగాక అందులోంచి చూస్తే మడమ అడుగుకు ఆనిందో లేదో తెలిసిపోతుంది. ఆనకపోతే చీలమండ ముందు నుంచి ఏటవాలుగా మడమను వెనక్కి లాగే పట్టీ లేదన్నమాట, లేదా వదులుగా ఉంది. పై అంచు మోకాలి బయటి వైపు ఎముక బొడిపెకు రెండు వేళ్లు కిందే ఆగాలి. అక్కడ చర్మం కిందే నరం ఉంటుంది, నొక్కుకుంటే పాదం తిమ్మిరెక్కి బలం తగ్గుతుంది.

చీలమండ దగ్గర కీలున్న రకం చాలామంది అడుగుతారు. అది వాడాలంటే, మోకాలు చాచి ఉంచి పాదాన్ని చేత్తో పైకి వంచితే లంబం దాటి రావాలి. రాకపోతే కీలు దగ్గర వంగాల్సింది పాదం మధ్యలో వంగుతుంది, అరికాలి వంపు కూలిపోతుంది. మోకాళ్లు ముడుచుకుని నడిచే పిల్లలకూ కీలు వద్దు.

మొదటి రోజు గంట చాలు. తర్వాత మెల్లగా పెంచండి. లోపల మోకాలి దాకా వచ్చే కాటన్ సాక్సు ముడత లేకుండా ఉండాలి. విప్పాక ఎరుపు అరగంటలో పోతే ఫర్వాలేదు. పోకపోతే ఇంట్లో దూది కుక్కకండి, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే ఆ చోటు వేడి చేసి వెడల్పు చేస్తారు. బూటు ఒక సైజు పెద్దది కొని లోపలి అట్ట తీసేయండి. బూటు లేకుండా టైల్స్ మీద నడిస్తే జారుతుంది. ఎండలో, మూసిన కారులో వదిలేస్తే ప్లాస్టిక్ ఆకారం మారుతుంది.

దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఆదాయ పరిమితిలో ఉన్న కుటుంబాలకు సహాయ పరికరాలు ఉచితంగా ఇస్తారు. అక్కడ కూడా బిడ్డ కాలికే అచ్చు తీయమని అడగండి. ఎదిగే వయసులో ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాల్సి వస్తుంది. వేళ్లు అంచు దాటాయంటే కొత్తదానికి వేళైనట్టే.