ఒడియా కాగితం వస్తే ఎవరిని అడగాలి? ఏఐ యాప్, భాషిణి, సేవా కేంద్రం: ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగిళ్ల వాళ్లు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. తహసీల్ నుంచి ఒడియాలో కాగితం వస్తే ఫోన్లోని ఏఐ యాప్‌కి చూపించడం మేలా, ప్రభుత్వం వారి అనువాద యాప్ భాషిణి మేలా, ఎప్పట్లాగే సేవా కేంద్రానికి పోవాలా అని. మూడూ వాడాను కనక చెబుతున్నాను.

మొన్న మా పిన్నికి భూమి కాగితం ఒకటి వచ్చింది. "ఏటి రాసుందో బేగి చూడు నాన్నా" అని ఫోటో పంపింది. ఒక ఏఐ యాప్‌లో పెడితే, మీ దరఖాస్తు కొట్టేశారని చక్కటి తెలుగులో చెప్పింది. కాగితంలో ఉన్న మాట 'దాఖల్ ఖారజ్'. ఒడియాలో ఖారజ్ అంటే కొట్టివేత, నిజమే. కానీ రెండూ కలిస్తే మ్యుటేషన్, అంటే భూమి రికార్డులో పేరు మార్పు. బాబాయి పేరున ఉన్న భూమి పిన్ని పేరుకి ఎక్కే పని సాగుతోందన్న మంచి కబురు అది. పిన్ని ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. తెల్లారి సేవా కేంద్రం కుర్రాడు ఒక్క చూపులో తేల్చేశాడు.

అలాగని ఏఐ యాప్‌లను తీసిపారేయను. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోవు. పథకానికి అర్హత ఏమిటో విడమరిచి చెబుతాయి, అర్జీ రాసిపెడతాయి. తెలుగు కూడా సాఫీగా ఉంటుంది. ఆధార్, ఖాతా నంబర్లు కనిపించే ఫోటో మాత్రం పెట్టకండి.

నా వరకు అసలు తేడా వేరే చోట ఉంది. తప్పు దొర్లితే దిద్దే దారి ఉందా? ప్రైవేటు యాప్‌లో బాగాలేదని గుర్తు నొక్కొచ్చు. 'దాఖల్ ఖారజ్' గురించి నేనూ నొక్కాను. అది ఎవరికి చేరిందో, ఏమైందో నాకు తెలిసే వీలు లేదు.

భాషిణి 2022లో మొదలైంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల కోసం పెట్టింది కాబట్టి ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. అందులో భాషాదాన్ అని ఒక భాగం ఉంది. మన గొంతుతో వాక్యాలు చదివి ఇవ్వొచ్చు, విన్నది రాసిపెట్టొచ్చు, అనువాదం చేసి ఇవ్వొచ్చు, ఇతరులు ఇచ్చినది సరిచూడొచ్చు. ఈ పనిలో పాలుపంచుకున్న ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ ఫర్ భారత్ బృందం 2023లో ఇండిక్‌ట్రాన్స్2 అనే అనువాద మోడల్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకునేలా విడుదల చేసింది. రేపు మన బరంపురం కాలేజీ పిల్లలు ఒడిశా రెవెన్యూ మాటలు నేర్పి దాన్ని మనకి పనికొచ్చేలా చేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. జనం డబ్బుతో కట్టిన పనిముట్టు ఇలా జనం చేతిలో ఉండాలని నా గట్టి నమ్మకం. అందుకే, ఏఐ యాప్ అంత నున్నగా మాట్లాడకపోయినా నా మొగ్గు భాషిణి వైపే. పిన్ని మనవడు ఒడియా మీడియం. వాడు కాగితం పైకి చదువుతాడు, ఫోను తెలుగులో చెబుతుంది.

అయితే గడువు ఉన్న నోటీసైనా, సంతకం పెట్టే కాగితమైనా సేవా కేంద్రానికి వెళ్లి తీరాలి. క్యూ ఉంటుంది, ఫీజు ఉంటుంది. కానీ ఎదురుగా మనిషి ఉంటాడు, తప్పైతే మళ్లీ వెళ్లి అడగొచ్చు. తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పంపి అడగడం అంటారా, వాళ్లు చూసేసరికి గడువు దాటిపోతుంది.

ఒక్క మాట మాత్రం నన్ను వదలడం లేదు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పంతులుగా పనిచేశారు. ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని 1931లో దానికి ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చువేయించారు. ఆ భాష భాషిణి చెప్పే ఆ 22 భాషల్లో లేదు. మా వీధికి చింతపండు తెచ్చే సవర అమ్మకి కాగితం వస్తే ఇప్పటికీ సేవా కేంద్రమే దిక్కు, అదీ అక్కడి కుర్రాడికి సవర వస్తే.